బోఁజూర్... అంటేనే తలుపు తెరుచుకునేది!

ఒక కప్పు కాఫీ. అదే కాఫీ, అదే కప్పు, అదే బల్ల. ధరలు మాత్రం మూడు!

దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రతీర నగరం నీస్. అక్కడి ‘లా పెతీత్ సిరా’ అనే చిన్న కేఫ్‌లో 2013లో పెట్టిన బోర్డు ఇది. ‘ఒక కాఫీ’ అని అడిగితే 7 యూరోలు. ‘ఒక కాఫీ, దయచేసి’ అంటే 4 యూరోల 25 సెంట్లు. ‘నమస్కారం, ఒక కాఫీ ఇస్తారా, దయచేసి’ అంటే 1 యూరో 40 సెంట్లే. సరదాకి పెట్టిన బోర్డే కానీ, దాని ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఎందుకంటే అందులో ఫ్రెంచివాళ్ల మనస్తత్వం మొత్తం ఉంది. మాట మంచిదైతే సగం పని అయిపోయినట్టే. మాటే లేకపోతే... కాఫీ కూడా చేదే!

పిల్లలు చదువుకోవడానికో ఉద్యోగాలకో వెళ్లారని వాళ్లను చూసేందుకు బయల్దేరే అమ్మానాన్నలు, సెలవులకి యూరప్ చుట్టి రావాలనుకునే కుటుంబాలు... ప్యారిస్ వెళ్లే తెలుగువాళ్లు ఎందరో. వెళ్లేవాళ్లకి ముందే ఎవరో ఒకరు చెబుతారు, ‘అక్కడివాళ్లకి పొగరు ఎక్కువ. ఇంగ్లిష్ వచ్చినా మాట్లాడరు’ అని. నిజానికి చాలాసార్లు అది పొగరు కాదు. మనం ఒక మాట మరిచిపోయామన్న చిన్నబుచ్చుకోవడం. ఆ మాటేమిటో, దాంతోపాటు ఇంకేం నేర్చుకోవాలో విమానం ఎక్కేముందే తెలుసుకుంటే ప్రయాణం తేలికవుతుంది.

మొదటి మాట... గడప దగ్గరే

ఆ మాట ‘బోఁజూర్’. పగటిపూట పలకరింపు. మనం దుకాణంలోకి వెళ్లి నేరుగా ‘ఇదెంత?’ అని అడిగేస్తాం. కొట్టువాడు ఏమీ అనుకోడు. ఫ్రాన్స్‌లో అలా కాదు. దుకాణం అంటే యజమాని ఇల్లు లాంటిది. గడప దాటగానే ‘బోఁజూర్ మదామ్’ అనో ‘బోఁజూర్ మెస్యె’ అనో పలకరించాలి. ఆ తర్వాతే బేరం. బస్సు ఎక్కేటప్పుడు డ్రైవర్‌కి, డాక్టరు దగ్గర వేచి ఉండే గదిలో అప్పటికే కూర్చున్నవాళ్లకి, లిఫ్టులో పక్కవాళ్లకి కూడా ఒక బోఁజూర్ చెప్పడం అక్కడి మర్యాద.

వెనకాల ఆ ‘మదామ్’, ‘మెస్యె’ ఎందుకంటారా? మన ‘అండీ’ ఎందుకో అందుకే. ‘నమస్కారం’కీ ‘నమస్కారమండీ’కీ ఎంత తేడా ఉందో ఒట్టి బోఁజూర్‌కీ, బోఁజూర్ మదామ్‌కీ అంత తేడా. సాయంత్రమైతే ‘బోఁస్వార్’. ‘బొన్ న్వీ’ అంటే శుభరాత్రే అయినా అది పడుకోబోయేముందు ఇంట్లోవాళ్లతో అనే మాట. రాత్రి హోటల్ నుంచి బయటికొస్తూ అనేది కాదు. వెళ్లేటప్పుడు ‘మెర్సీ, ఓ రెవ్వార్’. అంటే ‘థాంక్సండీ, వెళ్లొస్తాం’ అని. గమనించారా? ‘ఓ రెవ్వార్’కి అసలు అర్థం ‘మళ్లీ చూసేదాకా’. మనం ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అంటామే... అచ్చం అదే!

ఇక మాట కలిపాక ‘పార్లే వూ ఆఁగ్లే?’ అని అడగాలి. ‘మీకు ఇంగ్లిష్ వచ్చా’ అని అర్థం. ప్యారిస్‌లో హోటళ్లలో, మ్యూజియాల్లో, కుర్రకారులో ఇంగ్లిష్ వచ్చినవాళ్లు బోలెడుమంది. కానీ ‘బోఁజూర్ మదామ్, పార్లే వూ ఆఁగ్లే?’ అని అడిగించుకుని మాట్లాడటానికీ, ఎవరో వచ్చి మొహంమీదే ఇంగ్లిష్ మొదలుపెడితే జవాబివ్వడానికీ తేడా ఉంది. మన ఊరికి వచ్చిన కొత్తమనిషి ‘బాగున్నారా’ అని వచ్చీరాని తెలుగులో అడిగితే ఎంత సంబరపడతాం? వాళ్లూ అంతే.

భాషంటే ప్రాణం

ఫ్రెంచివాళ్లకి తమ భాషమీద అంత మమకారం ఊరికే రాలేదు. 1539లో మొదటి ఫ్రాఁస్వా రాజు విలేర్ కొత్రే అనే ఊళ్లో ఒక శాసనం చేశాడు. కోర్టు కాగితాలూ, ప్రభుత్వ పత్రాలూ లాటిన్‌లో కాకుండా ఫ్రెంచిలోనే రాయాలన్నది దాని సారాంశం. 1635లో ప్రధానమంత్రి కార్దినాల్ రిష్ల్యే చొరవతో ‘అకాదెమీ ఫ్రాఁసేజ్’ ఏర్పడింది. భాషకి నిఘంటువు తయారుచేయడం, ఏది సరైన మాటో చెప్పడం దాని పని. ఇప్పటికీ చేస్తూనే ఉంది. 1994లో ఏకంగా చట్టమే తెచ్చారు. ప్రకటనలూ, వస్తువుల మీద వివరాలూ, పని ఒప్పందాలూ ఫ్రెంచిలో ఉండి తీరాలని! 1539 నాటి శాసనం పుట్టిన ఆ ఊరి కోటలోనే 2023లో ఫ్రెంచి భాష కోసం ఒక పెద్ద భవనాన్ని ప్రారంభించారు. అలాంటి దేశంలో నాలుగు ముక్కలు వాళ్ల భాషలో మాట్లాడితే మొహాలు విప్పారవూ!

మనకి వచ్చిన ఫ్రెంచి

‘అమ్మో ఫ్రెంచి! రాసేదొకటి, పలికేదొకటి’ అని భయపడక్కర్లేదు. మనకి ఇప్పటికే చాలా ఫ్రెంచి వచ్చు. ఆర్టీసీ బస్ డిపోని ఎవరూ ‘డిపోట్’ అనరు. పెళ్లిలో ‘బఫే’ పెడతారు, ‘బఫెట్’ కాదు. పెళ్లికూతురి చేతికి ఇచ్చేది ‘బొకే’. ఈ మూడింటి చివరా ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ‘టి’ ఉంది. మరి ఎందుకు పలకం? ఎందుకంటే అవి ఫ్రెంచి మాటలు కాబట్టి. ఫ్రెంచిలో మాట చివరి హల్లుని చాలాసార్లు మింగేస్తారు. రోడ్ల మీద తిరిగే రెనో కార్ల పేరు చివర్లో ‘ఎల్‌టి’ ఉన్నా పలకనిది కూడా ఇందుకే. మెనూ, రెస్టారెంట్, గ్యారేజ్, ఆమ్లెట్... ఇవన్నీ ఫ్రెంచి ఇంటి ఆడపడుచులే!

ఇక ముక్కుతో పలికే శబ్దాలు. ఇంగ్లిష్‌వాళ్లకి ఇవి కొరుకుడుపడవు. తెలుగువాళ్లకి మాత్రం అరసున్న ఉంది! ‘వాఁడు’, ‘వీఁడు’ అని పాత పుస్తకాల్లో కనిపించే ఆ సగం సున్నని ఇవాళ ఎవరూ పలకడంలేదు కానీ, ఫ్రెంచి మాట్లాడాలంటే అదే అక్కరకొస్తుంది. ‘బోన్‌జూర్’ అని ‘న’ని ఒత్తి పలకకుండా ‘బో’ని ముక్కులోంచి వదిలితే ‘బోఁజూర్’.

తెలుగు వ్యాకరణంలో సంధులు చదువుకున్నవాళ్లకి ఇంకో సౌకర్యం. ‘రాముడు + ఇతడు’ కలిస్తే ‘రాముడితడు’ అయినట్టే ఫ్రెంచిలో ‘లె + ఒతెల్’ కలిస్తే ‘లొతెల్’. మొదటి అచ్చు ఎగిరిపోతుంది. అలాగే ‘మా + అమ్మ’ అన్నప్పుడు మధ్యలో ‘య’ వచ్చి ‘మాయమ్మ’ అవుతుంది కదా! అక్కడా ‘వూ + ఆవే’ (మీకు ఉంది) అనేటప్పుడు మధ్యలో ‘జ’ చేరి ‘వూజావే’ అవుతుంది. స్పెల్లింగ్‌లో దాగున్న హల్లు అచ్చు ఎదురవగానే బయటికొస్తుందన్నమాట.

కష్టమైనవి రెండే. ఒకటి వాళ్ల ‘ర’. నాలుకతో కాదు, నీళ్లు పుక్కిలించినట్టు గొంతులోంచి రావాలి. రెండోది ‘తు’ అనే మాటలోని అచ్చు. ఈల వేసేటప్పటిలా పెదాలు గుండ్రంగా చుట్టి ‘తీ’ అనాలి. ఇవి సరిగా రాకపోయినా ఫరవాలేదు. మన ‘ళ’ పలకలేనివాళ్లని మనం క్షమించడంలేదూ!

మీరా... నువ్వా?

‘యు’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే ఇంగ్లిష్‌వాళ్లకి ఫ్రెంచిలో పెద్ద చిక్కు ‘వూ’, ‘తు’. తెలుగువాళ్లకి అది చిక్కే కాదు. ‘వూ’ అంటే మీరు. ‘తు’ అంటే నువ్వు. మనలాగే ఒక్కరిని గౌరవంగా పిలిచినా, పదిమందిని కలిపి పిలిచినా ‘వూ’నే. పిల్లలతో, స్నేహితులతో, ఇంట్లోవాళ్లతో ‘తు’. కొట్టువాళ్లతో, పోలీసులతో, దారినపోయేవాళ్లతో ఎప్పుడూ ‘వూ’. అనుమానం వస్తే ‘వూ’ అనేస్తే తప్పుండదు.

‘దయచేసి’ అనడానికి వాడే ‘సీల్ వూ ప్లే’లోనూ ఈ ‘వూ’ ఉంది. మాటకు మాట చెప్పుకొంటే ‘అది మీకు ఇష్టమైతే’ అని అర్థం. ఏది అడిగినా చివర్లో ఇది తగిలించాలి. అలాగే ‘నాకు కావాలి’ అనడానికి ‘జె వె’ అనకూడదు. గద్దించి అడిగినట్టు ఉంటుంది. ‘జె వూద్రే’ అనాలి. ‘నాకు కావాలండీ’ అన్నంత మెత్తగా వినిపిస్తుంది.

రైలు దిగి... మెట్రో ఎక్కి

ప్యారిస్‌లోని షార్ల్ ద గోల్ విమానాశ్రయంలో దిగినవాళ్లు ఆర్ఈఆర్ ‘బి’ రైలెక్కితే నగరం నడిబొడ్డుకి చేరతారు. ‘గార్’ అంటే రైల్వేస్టేషన్. గార్ ద్యు నోర్ అంటే ఉత్తరాది స్టేషన్. ఇక్కడో తమాషా! ‘గార్ ద లియోఁ’ అనే స్టేషన్ లియోఁ నగరంలో లేదు. ప్యారిస్‌లోనే ఉంది. లియోఁ వైపు వెళ్లే రైళ్లు అక్కణ్నుంచి బయల్దేరతాయి కాబట్టి ఆ పేరు. లియోఁలో దిగాల్సినవాళ్లు ఈ బోర్డు చూసి దిగిపోతే ప్రయాణం మొదలవకుండానే ముగిసినట్టు!

స్టేషన్‌లో కళ్లకి అలవాటు కావాల్సిన మాటలు కొన్నే. ‘సోర్తీ’ అంటే బయటికి దారి. ‘కోరెస్పోఁదాఁస్’ అంటే ఇంకో లైను మారే చోటు. మెట్రోలో ‘దిరెక్స్యోఁ’ పక్కన రాసి ఉండే పేరు ఆ లైను చివరి స్టేషన్‌ది. మనం వెళ్లాల్సిన వైపు చివరి స్టేషన్ ఏదో చూసుకుంటే దారి తప్పే ప్రసక్తే లేదు. ఒకప్పుడు పది టికెట్లు కలిపి ‘కార్నే’ అని అమ్మేవారు. ఇప్పుడు ఆ కాగితాల కాలం పోయింది. ‘నవీగో’ కార్డులోకి ప్రయాణాలు నింపుకోవడమే. తలుపుల మీద ‘పూసే’ అని ఉంటే తొయ్యాలి. ‘తిరే’ అని ఉంటే లాగాలి. ఈ రెండూ తారుమారైతే తలుపుతో కుస్తీయే!

‘గ్రేవ్’ అనే మాట వినిపిస్తే మాత్రం కాస్త జాగ్రత్తపడాలి. సమ్మె అని అర్థం. రైళ్లు తగ్గిపోతాయి. ఈ మాట వెనక ఓ కథ ఉంది. ప్యారిస్ నగరపాలక భవనం ముందున్న మైదానాన్ని ఒకప్పుడు ‘ప్లాస్ ద గ్రేవ్’ అనేవారు. సేన్ నది ఒడ్డున ఇసుక, గులకరాళ్ల రేవు అది. పని దొరకనివాళ్లంతా కూలి కోసం అక్కడ నిలబడేవారు. మన అడ్డా కూలీల్లాగే. ఆ చోటు పేరే మెల్లగా పని మానుకోవడానికి పేరైపోయింది.

ఆ నగరపాలక భవనం పేరు ‘ఒతెల్ ద వీల్’. గదులు దొరుకుతాయేమోనని సూట్‌కేసులతో వెళ్లకండి! పాత ఫ్రెంచిలో ఒతెల్ అంటే పెద్ద భవంతి. అలాగే నోత్ర్‌దామ్ పక్కనున్న ‘ఒతెల్ ద్యే’ హోటల్ కాదు, ఆస్పత్రి.

దారి అడగాలంటే ‘ఊ ఎ...’ అని మొదలుపెట్టి చోటు పేరు చెప్పాలి. ‘ఊ ఎ లా గార్, సీల్ వూ ప్లే?’... స్టేషన్ ఎక్కడండీ? జవాబులో ‘ఆ గోష్’ అంటే ఎడమకి. ‘ఆ ద్ర్వాత్’ అంటే కుడికి. ‘తూ ద్ర్వా’ అంటే తిన్నగా. చివరి రెండూ చెవికి ఒకేలా ఉంటాయి. చివర ‘త్’ వినిపిస్తే కుడి, లేకపోతే సూటిగా. అందుకే మాటతోపాటు వాళ్ల చెయ్యి ఎటు తిరిగిందో కూడా చూడాలి! పిల్లలతో వెళ్లేవాళ్లకి మరీ ముఖ్యమైన వాక్యం ‘ఊ సోఁ లే త్వాలెత్?’... బాత్‌రూమ్ ఎక్కడ అని.

చూడాల్సినవాటి పేర్లూ అక్కడ వేరుగా ఉంటాయి. 1889లో కట్టిన ఐఫిల్ టవర్ వాళ్ల నోట ‘తూర్ ఎఫెల్’. 2024 నుంచి దాని టికెట్లు మన యూపీఐతోనూ కొనొచ్చు. లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా కోసం వెతికేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన పేరు ‘లా జోకోఁద్’. ఫ్రెంచివాళ్లు ఆ చిత్రాన్ని అలాగే పిలుస్తారు. లూవ్ర్‌కి మంగళవారం, ఓర్సే మ్యూజియానికి సోమవారం సెలవు. ఆరోజు వెళ్తే గేటు మీద కనిపించేది ‘ఫెర్మే’... మూసి ఉందని. తెరిచి ఉంటే ‘ఊవేర్’. 2019లో మంటల్లో చిక్కుకుని, 2024 డిసెంబరులో మళ్లీ తలుపులు తెరిచిన నోత్ర్‌దామ్ చర్చి లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. ఎక్కడైనా ‘ఆఁత్రే లీబ్ర్’ అని ఉంటే ప్రవేశం ఉచితమని అర్థం.

ఆకలేస్తే...

తెల్లారగానే వీధి చివర వేడివేడి రొట్టెల వాసన వచ్చే చోటు ‘బూలాఁజ్రీ’. ‘ఊన్ బగేత్, సీల్ వూ ప్లే’ అంటే మూరెడు పొడవున్న కరకరలాడే రొట్టె చేతికొస్తుంది. దీన్ని చేసే విద్యకి 2022లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. ‘త్రదిస్యోఁ’ అని అడిగితే ఇంకా రుచి. పిండి, నీళ్లు, ఉప్పు, పులవడానికి ఈస్టు లాంటివి... 1993 నాటి ఉత్తర్వు ప్రకారం రసాయనాలేవీ కలపకుండా చేయాల్సిన రొట్టె అది. శాకాహారులకి భరోసా. క్ర్వాసాఁకి మాత్రం పైన గుడ్డు సొన పూయడం మామూలే. గుడ్డు తిననివాళ్లు అడిగి తీసుకోవడం మంచిది.

రెస్టారెంట్‌లో మొదటి తికమక ‘మెనూ’. మనం మెనూ అనుకునేది అక్కడ ‘కార్త్’. ‘మెనూ’ అంటే ఒకే ధరకి రెండుమూడు వంతులుగా వడ్డించే భోజనం. మన ‘ప్లేట్ మీల్స్’ లాంటిదన్నమాట. ‘ఆఁత్రే’ అంటే మొదటి చిన్న వంటకం. ‘ప్లా’ అంటే అసలు వంటకం. ‘దెసేర్’ తీపి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, రాత్రి 7 దాటాక... చాలాచోట్ల భోజనం దొరికే వేళలు ఇవే. నాలుగింటికి అన్నం కావాలంటే వంటగది మూసి ఉంటుంది.

శాకాహారులు కంఠస్థం చేయాల్సిన వాక్యం ఒకటుంది. మగవాళ్లయితే ‘జె స్వీ వెజెతార్యెఁ’. ఆడవాళ్లయితే ‘జె స్వీ వెజెతార్యెన్’. అయినా అంతటితో వదిలేయకూడదు. ‘సాఁ వ్యాఁద్, సాఁ ప్వాసోఁ’ అని విడమర్చి చెప్పాలి. మాంసం లేకుండా, చేప లేకుండా అని. ఎందుకంటే ‘వ్యాఁద్’ అంటే మాంసమే, చేప అందులోకి రాదు. ‘లార్దోఁ’ అని కనిపిస్తే పంది మాంసం ముక్కలు. సలాడ్లలో కూడా చల్లుతారు. ‘బెఫ్’ అంటే గొడ్డు మాంసం, ‘పోర్’ అంటే పంది, ‘పూలే’ అంటే కోడి. మాంసాహారులకీ ఒక హెచ్చరిక. ‘స్తెక్ తార్తార్’ అంటే పచ్చి మాంసం! ఉడికించింది కాదు. వేయించిన ముక్క కావాలంటే ‘బ్యెఁ క్వీ’... బాగా కాల్చి అని చెప్పాలి.

పలకడంలోనూ జాగ్రత్త. ‘ప్వాసోఁ’ అంటే చేప. ‘ప్వాజోఁ’ అంటే విషం! ‘స’ని ‘జ’ చేస్తే వడ్డించేవాడు ఉలిక్కిపడతాడు. గుడ్డుది మరో తమాషా. ఒక్కటైతే ‘అఫ్’. రెండైతే ఒట్టి ‘అ’నే! ఎక్కువయ్యేకొద్దీ మాట చిన్నదవుతుంది.

నీళ్ల సీసా కొంటే డబ్బు. ‘ఊన్ కరాఫ్ దో, సీల్ వూ ప్లే’ అంటే భోజనంతోపాటు కుళాయి నీళ్లు కూజాలో ఉచితంగా ఇస్తారు. అవి మంచినీళ్లే. పార్కుల్లో, రైళ్లలో ‘నోఁ పొతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. ‘అఁ కఫే’ అంటే చిన్న కప్పు అడుగున చిక్కటి డికాక్షన్. మన పాల కాఫీకి దగ్గరగా ఉండాలంటే ‘కఫే క్రెమ్’ అడగాలి. సర్వర్‌ని పిలవాలంటే ‘గార్సోఁ’ అనకండి. ‘ఏయ్ అబ్బాయ్’ అన్నట్టు ఉంటుంది. ‘మెస్యె’ చాలు.

తినడం అయ్యింది. అరగంటైనా బిల్లు రాదు. మరిచిపోయారనుకోవద్దు. అడగకుండా బిల్లు తెచ్చి ముందు పెడితే ‘ఇక లేవండి’ అన్నట్టేనని వాళ్ల భావన. ‘లాదిస్యోఁ, సీల్ వూ ప్లే’ అంటే అప్పుడు తెస్తారు. సర్వీసు ఖర్చు అందులోనే ఉంటుంది. టిప్పు ఇష్టమైతేనే. ఇంకా వడ్డిస్తామంటే ‘కడుపు నిండింది’ అనబోయి ‘జె స్వీ ప్లెఁ’ అనొద్దు. మందు ఎక్కువైందని అనుకుంటారు! ‘జే బ్యెఁ మాఁజే’... బాగా తిన్నానండీ అంటే వంటచేసినవాళ్లూ సంతోషిస్తారు.

వారం తిరిగేసరికి నాలుక చచ్చుబడితే గార్ ద్యు నోర్ వెనక లా షపెల్ వైపు నడవాలి. శ్రీలంక తమిళుల దుకాణాల్లో ఇడ్లీ, దోసెలతోపాటు పచ్చిమిరపకాయలూ కరివేపాకూ దొరుకుతాయి. దగ్గర్లోనే వినాయకుడి గుడి కూడా ఉంది.

నాలుగు ఇరవైలు... పదిహేడు!

ఫ్రెంచి అంకెలు పదహారు దాకా బుద్ధిమంతుల్లా నడుస్తాయి. అఁ, దె, త్ర్వా, కాత్ర్, సెఁక్, సీస్, సెత్, వీత్, నెఫ్, దీస్... పది అయ్యింది. అరవై దాకా కూడా పెద్ద ఇబ్బంది లేదు. ఆ తర్వాత లెక్కల పరీక్షే! డెబ్భైని ‘అరవై పది’ అంటారు. ఎనభై ‘నాలుగు ఇరవైలు’. తొంభై ‘నాలుగు ఇరవైల పది’. తొంభై ఏడు ‘కాత్ర్ వెఁ దీ సెత్’. అంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు! పక్కనున్న బెల్జియం, స్విట్జర్లాండ్ ఫ్రెంచివాళ్లు డెబ్భైకీ తొంభైకీ వేరే మాటలు పెట్టుకుని సుఖపడ్డారు. ‘సే కోఁబ్యెఁ?’... ఎంతండీ అని అడిగాక జవాబు అర్థంకాకపోతే సిగ్గుపడకుండా కాగితం ముందుకు జరపడమే మేలు. ఫోన్ నంబర్లు కూడా రెండేసి అంకెలు కలిపి చెబుతారు కాబట్టి అక్కడా ఇదే ఉపాయం.

ధరల్లో చుక్క ఉండాల్సినచోట కామా ఉంటుంది. ‘2,50’ అంటే రెండున్నర యూరోలు, రెండువందల యాభై కాదు. చేత్తో రాస్తే ఒకటికి తోక, ఏడుకి నడుం మీద అడ్డగీత ఉంటాయి. తోక చూసి ఒకటిని ఏడనుకోకూడదు. అంతస్తుల లెక్క మాత్రం మనదే. నేలమీదిది ‘రే ద షోసే’. దానిపైది మొదటి అంతస్తు.

చుట్టాల్లా కనిపించే పరాయి మాటలు

ఇంగ్లిష్ వచ్చినవాళ్లని బోల్తా కొట్టించే మాటలు కొన్నున్నాయి. స్పెల్లింగ్ ఇంగ్లిష్‌దిలాగే ఉంటుంది, అర్థం వేరు. బోర్డు మీద ‘లైబ్రరీ’లా కనిపించే ‘లిబ్రేరీ’ పుస్తకాలు అమ్మే కొట్టు. ‘మొనే’ అంటే డబ్బు కాదు, చిల్లర. ‘పెయిన్’ అని చదవాలనిపించేది ‘పెఁ’... రొట్టె. ‘సేల్’లా కనిపిస్తే తగ్గింపు ధరలనుకుని లోపలికి వెళ్లొద్దు. ‘సాల్’ అంటే మురికి! తగ్గింపు అమ్మకాలని ‘సోల్ద్’ అంటారు. ‘లొకేషన్’లా ఉండే ‘లొకాస్యోఁ’ అంటే అద్దెకివ్వడం.

కారు అద్దెకి తీసుకునేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సినవి మరో రెండు. బంకులో ‘ఎసాఁస్’ అంటే పెట్రోలు. ‘గాజోల్’ అంటే డీజిలు. అమెరికాలో ఉండొచ్చినవాళ్లు ‘గాజోల్’ని ‘గ్యాసోలిన్’ అనుకుని పెట్రోలు కారులో పోయించుకుంటే ఇంజిన్ పాడై సెలవులు కాస్తా మెకానిక్ షెడ్డులో గడుస్తాయి.

ఆపద్ధర్మం

అన్నిటికన్నా ముఖ్యమైన మాటలు... ఎప్పటికీ అవసరం రాకూడదని కోరుకునేవి. ‘ఓ స్కూర్!’ అంటే కాపాడండి. ‘ఓ వొలెర్!’ అంటే దొంగ దొంగ. ప్యారిస్ మెట్రోలో, పర్యాటకులు గుమికూడే చోట్ల జేబుదొంగల బెడద ఉంది. పాస్‌పోర్టు పోతే పోలీసు స్టేషన్ అయిన ‘కొమిసార్యా’కి వెళ్లి ‘జే పెర్ద్యూ మోఁ పాస్‌పోర్’ అనాలి. పోగొట్టుకున్నానని. దొంగిలించారని చెప్పడానికి ‘ఓఁ మా వొలే మోఁ పాస్‌పోర్’. అక్కడిచ్చే కాగితం చేతిలో ఉంటేనే భారత రాయబార కార్యాలయంలో తర్వాతి పని తేలికవుతుంది.

ఒంట్లో బాగోకపోతే పచ్చ శిలువ గుర్తున్న ‘ఫర్మసీ’ కోసం చూడాలి. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి ‘జే మాల్ ఇసీ’... ఇక్కడ నొప్పి అంటే చాలు. పెద్దవాళ్లు వాడే మందుల పేర్లు, బీపీ, షుగర్ వివరాలు కాగితం మీద రాసి జేబులో పెట్టడం మరీ మంచిది. అమ్మమ్మకి ఫ్రెంచి రానవసరం లేదు, ఆ కాగితానికి వస్తే చాలు. వేరుసెనగ పడనివాళ్లుంటే ‘ఆలెర్జీక్ ఓజారాషీద్’ అన్న మాట కూడా ఆ కాగితంలో చేరాలి. అత్యవసరంగా అంబులెన్స్ కావాలంటే 15, పోలీసులకి 17, అగ్నిమాపక దళానికి 18. ఇవేవీ గుర్తులేకపోతే యూరప్ అంతటా పనిచేసే 112. ‘ఆప్లే అఁ మెద్సెఁ’ అంటే డాక్టర్ని పిలవండి. అవతలివాళ్లు గబగబా మాట్లాడితే ‘ప్లూ లాఁత్‌మాఁ, సీల్ వూ ప్లే’... కాస్త నెమ్మదిగా అండీ అనొచ్చు.

మన గుమ్మంలోనే ఫ్రెంచి

ఇంతా చేసి ఈ భాష మనకి మరీ కొత్తదేం కాదు. కాకినాడ దగ్గర గోదావరి ఒడ్డున యానాం ఉంది కదా! 1954 నవంబరు 1న పాలన మన దేశం చేతికి వచ్చేదాకా ఆ తెలుగు ఊళ్లో ప్రభుత్వ భాష ఫ్రెంచే. చట్టబద్ధంగా అప్పగింత పూర్తయింది 1962 ఆగస్టు 16న. అప్పట్లో ఫ్రెంచి పౌరసత్వాన్నే ఎంచుకునే వీలు కూడా కల్పించారు. శారదా చట్టం వచ్చి ఇంగ్లిష్‌వాళ్ల ఏలుబడిలో బాల్యవివాహాలు నేరమైనప్పుడు, ఆ చట్టం వర్తించని యానాంకి పిల్లల్ని తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేవారు. అలా దానికి ‘కల్యాణపురం’ అన్న పేరూ వచ్చింది.

1757 బొబ్బిలి యుద్ధం కథల్లో వినిపించే బుస్సీ దొర ఫ్రెంచివాడు. హైదరాబాద్ నిజాం సైన్యానికి శిక్షణ ఇచ్చి, 1798లో ఇక్కడే కన్నుమూసిన రేమోఁ కూడా ఫ్రెంచివాడే. ‘మెస్యె రేమోఁ’ని పలకలేక జనం ‘మూసా రామ్’ చేసేశారు. మలక్‌పేట పక్కన మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడికి దగ్గర్లోనే ఉంది. చూశారా, మనవాళ్లు ‘మెస్యె’ని ‘మూసా’ చేసినా ఆయనేమీ నొచ్చుకోలేదు. ఊళ్లో ఉన్నంతకాలం ఆ జనంలో ఒకడిగానే ఉన్నాడు.

కాబట్టి ‘ర’ పలకడం రాలేదనో, అరసున్న కుదరలేదనో నోరు కట్టేసుకోవద్దు. బోఁజూర్, సీల్ వూ ప్లే, మెర్సీ, పార్దోఁ, ఓ రెవ్వార్... ఈ ఐదు మాటలూ ఒక చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. విమానంలో పిల్లల చేత రెండుసార్లు చదివించండి. పెద్దవాళ్లకన్నా వాళ్లకే ముందు వస్తాయి. అక్కడ దుకాణం తలుపు తీసి మొదటి బోఁజూర్ చెప్పే పని కూడా వాళ్లకే అప్పగించండి.

మరి... బోఁ వ్వాయాజ్! శుభప్రయాణం!